అద్దె లెక్క కన్నా ముందు హక్కు లెక్క
తర్రెం వంటి ఏజెన్సీ గ్రామాల్లో ఇంటి పెట్టుబడికి చట్టమే తొలి గడప

రోడ్డు పడినచోట స్థలం ధర పెరుగుతుంది, స్థలం ధర పెరిగినచోట అద్దె ఇళ్లు లేస్తాయి. మైదాన ప్రాంతాల్లో పెట్టుబడిదారులు నమ్ముకున్న సూత్రమిది. దక్షిణ బస్తర్‌లో మాత్రం ఈ సూత్రం మధ్యలోనే ఆగిపోతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు చెందిన తర్రెం అందుకు తగిన ఉదాహరణ.

2021 ఏప్రిల్ 3న తర్రెం పరిసరాల్లో గాలింపునకు బయలుదేరిన బలగాలపై మావోయిస్టులు దాడి చేసి 22 మంది జవాన్లను బలిగొన్నారు. దానితో ఈ పేరు దేశమంతటా వినిపించింది. బాసగూడ నుంచి తర్రెం, సిలింగేర్ మీదుగా జగర్‌గుండ వైపు సాగే మార్గం అప్పటి నుంచీ వార్తల్లో ఉంది. రోడ్డు, పాఠశాల, ఆరోగ్య కేంద్రం వచ్చినచోట ఉద్యోగులకు, గుత్తేదారుల మనుషులకు తలదాచుకునే గదులు కావాలి. అద్దె ఆదాయంపై ఆశ పుట్టేది అక్కడే. అయితే ఆ గదులు కట్టే నేల ఎవరిదన్న ప్రశ్నను దాటి ముందుకు పోవడానికి వీలులేదు.

చట్టం ఏమంటోంది?

బస్తర్ రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం. 1959 నాటి ఛత్తీస్‌గఢ్ భూ రెవెన్యూ స్మృతిలోని 165వ సెక్షన్ ప్రకారం ఇటువంటి ప్రాంతంలో ఆదివాసీ భూమి ఆదివాసీయేతరునికి అమ్మకం ద్వారా గాని, మరొక విధంగా గాని, అప్పు పర్యవసానంగా గాని బదిలీ కావడానికి వీలులేదు. 170-బి సెక్షన్ మరో అడుగు ముందుకు వేసింది. 1959 అక్టోబరు 2కు, 1980 అక్టోబరు 24కు మధ్య ఆదివాసీల భూమి పొందినవారు అది తమకెలా సంక్రమించిందో సబ్ డివిజనల్ అధికారికి తెలపాలి. తెలపకపోతే దానిని అక్రమ స్వాధీనంగా భావించి అసలు హక్కుదారుకు తిరిగి ఇప్పించవచ్చు.

ఆదివాసీ భూములను పరస్పర అంగీకారంతో ప్రభుత్వం కొనేందుకు వీలు కల్పిస్తూ 2017 డిసెంబరులో శాసనసభ ఆమోదించిన సవరణను సైతం, నిరసనలు వెల్లువెత్తడంతో 2018 జనవరిలో ఉపసంహరించుకోవలసి వచ్చింది. ఈ విషయంలో ప్రజల పట్టింపు ఎంతటిదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

తెలుగువారికి పరిచితమైన 1/70

సరిహద్దుకు ఇవతల ఇదే సమస్య 1/70 పేరుతో ప్రసిద్ధం. 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించాక, ఏజెన్సీలో స్థిరాస్తిని అమ్మేది ఎవరైనా కొనేది గిరిజనుడో, గిరిజనుల సహకార సంఘమో కావాలి. గిరిజనేతరుని స్వాధీనంలోని ఆస్తి గిరిజనుల నుంచి సంక్రమించినదేనని, కాదని రుజువయ్యేదాకా చట్టం భావిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, 'బదిలీ' అన్న మాటకు ఈ నిబంధనలిచ్చిన నిర్వచనంలో అమ్మకం, తాకట్టు, దానాలతో పాటు లీజు కూడా ఉంది. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధనల చెల్లుబాటును సమర్థించింది. 1997 నాటి సమతా తీర్పు ఏజెన్సీలో ప్రభుత్వ భూములను సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని స్పష్టం చేసింది.

భద్రాచలం వంటి యాత్రా కేంద్రంలో గది అద్దెకు గిరాకీ లోటుండదు. కాని గిరాకీ ఉన్నంత మాత్రాన పెట్టుబడి భద్రమని చెప్పలేము. అవసరానికి అమ్ముకుందామంటే కొనుగోలుదారుల సంఖ్య పరిమితం. బయటకు వచ్చే దారి ఇరుకైన పెట్టుబడిలో అద్దె ఎంత వచ్చినా ప్రయోజనం స్వల్పమే.

బినామీ దారి ప్రమాదకరం

గిరిజనుని పేరిట స్థలం కొని, డబ్బు తాము పెట్టి, అద్దె తాము తీసుకోవడం కొందరికి సులభమార్గంగా తోచవచ్చు. ఇది రెండు విధాల నష్టం. 2016లో సవరించిన బినామీ లావాదేవీల నిషేధ చట్టం కింద ఆస్తి జప్తు అవుతుంది. నేరం రుజువైతే ఏడాది నుంచి ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, ఆస్తి మార్కెట్ విలువలో 25 శాతం వరకు జరిమానా విధించవచ్చు. ఇక పేరున్న వ్యక్తి ఎదురు తిరిగితే పెట్టుబడిదారుకు కోర్టులోనూ ఆసరా దొరకదు.

అంకెలు ఏం చెబుతాయి?

హక్కు నిర్వివాదమైన పట్టణంలోనైనా అద్దె ఆదాయం పైకి కనిపించినంత ఉండదు. 40 లక్షల రూపాయల ఇల్లు నెలకు 12 వేలు తెస్తుందనుకుంటే ఏడాదికి 1,44,000, అంటే 3.6 శాతం. ఒక నెల ఖాళీగా ఉంటే 12 వేలు, మరమ్మతులకు 15 వేలు, ఇంటి పన్నుకు 5 వేలు తీసివేస్తే మిగిలేది 1,12,000. అది 2.8 శాతమే. ఆదాయపు పన్ను లెక్కలో నికర వార్షిక విలువపై 30 శాతం తగ్గింపు లభిస్తుంది గాని, అది ఇంటి ఖాళీని పూడ్చదు. గృహరుణంపై వడ్డీ దీనికి రెట్టింపు దాటుతున్నప్పుడు అప్పు తెచ్చి అద్దెకు కట్టడం ఎంతవరకు సమంజసమో ఆలోచించాలి. ఉద్యోగుల బదిలీలతోనే అద్దెదారులు మారిపోయే మారుమూల గ్రామంలో ఖాళీ ఒక నెలతో ఆగకపోవచ్చు.

నేలగలవారి చేతిలోనే అవకాశం

తర్రెం వంటి చోట్ల ఈ వ్యాపారం న్యాయంగా చేయగలిగినది ఆ నేలగల కుటుంబాలే. రోడ్డు పక్క స్థలాన్ని ఏ కాగితం మీదనో వదులుకోవడం కన్నా, రెండు గదులు కట్టుకుని ఉపాధ్యాయునికో, నర్సుకో ఇస్తే నేల చేతిలోనే ఉంటుంది, ఆదాయమూ దక్కుతుంది. దీర్ఘకాల లీజు పేరిట స్థలాన్నే అప్పగించడం మాత్రం వేరు. అలాంటి కాగితంపై సంతకానికి ముందు తహసీల్దారు కార్యాలయంలో, గ్రామసభలో విచారించుకోవడం తప్పనిసరి. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ అవసరం గనుకనే అంతటా 11 నెలల ఒప్పందం వాడుకలోకి వచ్చింది. అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేసే గడువు అందులో రాతపూర్వకంగా ఉండాలి. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేయాలని సూచించింది.

బయటి పెట్టుబడిదారు తర్రెంలో అద్దె ఎంత వస్తుందని అడిగే ముందు, ఆ నేలపై తనకు హక్కు ఎలా వస్తుందని అడగాలి. దానికి చట్టబద్ధమైన జవాబు లేనప్పుడు తక్కిన లెక్కలన్నీ నిష్ప్రయోజనం.