చూలాలికి చలిజ్వరమా? తాత్సారం వద్దు!

వానలు పట్టాయంటే దూలపల్లి, కొంపల్లి, మేడ్చల్ వైపు ఇళ్లలో దీపాలు పెట్టే వేళకే కిటికీ తలుపులు మూసేస్తారు. ఒకపక్క అడవి, ఇంకోపక్క చెరువులు, మధ్యలో కార్ఖానాలు, ఎటు చూసినా కడుతున్న అపార్టుమెంట్లు. నీళ్లు నిలవడానికి చోటుకు కొదవలేదు, దోమలకూ కొదవలేదు. ఇంట్లో ఎవరికైనా ఒళ్లు కాలితే "వానలో తడిశావు, కషాయం తాగి ముసుగేసుకో" అనడం మనకు అలవాటే. కానీ జ్వరం వచ్చింది కడుపుతో ఉన్న అమ్మాయికైతే ఆ మాట పనికిరాదు. అది మలేరియా అయితే ప్రమాదం ఒకరికి కాదు, ఇద్దరికి.

మన నగరంలోనే బయటపడిన గుట్టు

మలేరియా దోమ వల్లే వస్తుందన్న సంగతికి ఆధారం దొరికింది ఎక్కడో విదేశాల్లో కాదు, మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగి దోమకు ఒక అణా చొప్పున తీసుకుని ఆ దోమల చేత కుట్టించుకున్నాడు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నది అందుకే. దూలపల్లికి ఆ బేగంపేట అట్టే దూరం కాదు. ఇంత దగ్గర్లో గుట్టు తెలిసినా, నూట పాతికేళ్లు దాటినా, దోమ కాటును మనం ఇంకా తేలిగ్గానే తీసుకుంటున్నాం.

"మన వైపు లేదు కదా" అనుకుంటే...

నిజమే, పాడేరు, భద్రాచలం ఏజెన్సీల్లో ఉన్నంత మలేరియా నగరం చుట్టుపక్కల లేదు. దేశం మొత్తమ్మీద కూడా బాగా తగ్గింది. 1976లో 64 లక్షల కేసులు వచ్చిన దేశంలో 2023లో నమోదైనవి రెండున్నర లక్షల లోపే. 2030 నాటికి పూర్తిగా లేకుండా చేయాలన్నది ప్రభుత్వ లక్ష్యం.

అయితే ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మలేరియా ఎప్పుడూ ఉండే చోట పెరిగిన ఆడవాళ్ల ఒంట్లో దాన్ని కొంత తట్టుకునే శక్తి ఉంటుంది. వాళ్లలో తొలిచూలు వాళ్లకే ప్రమాదం ఎక్కువ. మలేరియా అరుదుగా వచ్చే మన వంటి చోట్ల ఆ శక్తి ఎవరికీ ఉండదు. తొలి కాన్పయినా, మూడో కాన్పయినా ఒకటే. జబ్బు చూస్తుండగానే ముదిరిపోవచ్చు. అంటే తక్కువ ఉన్న చోట భయం తక్కువ కావచ్చు గానీ, వచ్చిన మనిషికి ప్రమాదం ఎక్కువే!

మాయలో దాక్కునే క్రిమి

మలేరియా క్రిముల్లో మన దగ్గర ముఖ్యమైనవి రెండు: వైవాక్స్, ఫాల్సిపారం. రెండోది మహా మొండిది. అది చేరిన ఎర్ర రక్తకణాలు వెళ్లి మాయకు అతుక్కుంటాయి. బిడ్డకు ఆహారం, ప్రాణవాయువు అందేది మాయ నుంచే కదా! ఆ దారి మూసుకుపోతే బిడ్డ ఎదగదు. గర్భస్రావం కావచ్చు, నెలలు నిండకుండా కాన్పు రావచ్చు, బిడ్డ కడుపులోనే పోవచ్చు. బతికి బయటపడ్డ బిడ్డ రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టవచ్చు.

తల్లికి రక్తహీనత వస్తుంది. మన ఆడవాళ్లలో అసలే రక్తం అంతంతమాత్రం. దాని మీద మలేరియా వస్తే కాన్పులో కొద్దిపాటి రక్తస్రావాన్ని కూడా ఒళ్లు తట్టుకోలేదు. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కూడా గర్భిణుల్లోనే ఎక్కువ. వైవాక్స్‌ది మెత్తని దెబ్బ అనుకుంటారు గానీ, అదీ రక్తాన్ని తగ్గిస్తుంది, బిడ్డ బరువునూ తగ్గిస్తుంది.

ఇంకో విచిత్రం వినండి. గర్భిణులను దోమలు ఎక్కువగా వెతుక్కుంటూ వస్తాయి. ఆఫ్రికాలోని గాంబియాలో జరిపిన పరిశోధన 2000లో వెలువడింది. మామూలు స్త్రీలతో పోలిస్తే గర్భిణుల దగ్గరికి దాదాపు రెండింతల దోమలు చేరాయని అందులో తేలింది. వాళ్లు వదిలే ఊపిరి ఎక్కువ, పొట్ట దగ్గర వేడీ కాస్త ఎక్కువ. దోమకు ఆ రెండూ ఆనవాళ్లే.

జ్వరం వస్తే ఏం చేయాలి?

వణికించే చలి, ఆపైన మండే జ్వరం, తర్వాత చెమటలు, రోజు విడిచి రోజు రావడం... ఇవి పుస్తకంలో రాసిన లక్షణాలు. కడుపుతో ఉన్నవాళ్లలో ఇవి ఇదే వరసలో కనిపించాలని లేదు. ఒక్క తలనొప్పి, వాంతులు, నీరసం మాత్రమే ఉండవచ్చు. "వేవిళ్లేలే" అని సరిపెట్టుకునే ప్రమాదం ఉంది.

అందుకని గర్భిణికి ఏ జ్వరం వచ్చినా ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష, మందులు ఉచితం. ఆశా కార్యకర్త దగ్గర ఉండే కిట్టుతో పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. క్రిములు మాయలో దాక్కుంటే వేలి చుక్క రక్తంలో కనబడకపోవచ్చు. కాబట్టి ఒకసారి లేదన్నా జ్వరం తగ్గకపోతే మళ్లీ పరీక్ష అడగండి. ఈ మధ్య ఏజెన్సీ వైపో, ఒడిశా వైపో, మేడారం జాతరకో వెళ్లి వచ్చి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

"మందులు వేస్తే కడుపులో బిడ్డకేమవుతుందో" అన్నది చాలామంది అత్తగార్ల భయం. నిజానికి బిడ్డకు మందు కన్నా జబ్బే పెద్ద శత్రువు. వైవాక్స్‌కు వాడే క్లోరోక్విన్ గర్భిణులకు ఇవ్వదగినదే. ఫాల్సిపారానికి నెలలను బట్టి ఏ మందు వాడాలో డాక్టర్లు చూసుకుంటారు. ప్రైమాక్విన్ మాత్రం గర్భిణులకు ఇవ్వరు, డాక్సీసైక్లిన్ కూడా పనికిరాదు. పోయినసారి మరిదికి రాసిన మాత్రలు మిగిలాయని వేసుకోకూడదన్నది ఇందుకే. జ్వరానికి పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. జ్వరం తగ్గింది కదా అని కోర్సు మధ్యలో మానెయ్యకండి.

మాట తడబడటం, మగత, ఫిట్స్, ఆయాసం, కళ్లు పచ్చబడటం, ముదురు రంగు మూత్రం, నీళ్లు కూడా ఇమడకపోవడం, రక్తం కనబడటం, బిడ్డ కదలికలు తగ్గడం... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

దోమను ఇంటికి పిలవకండి

మలేరియా దోమ కుట్టేది పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లవారేదాకా. కాబట్టి అన్నిటికన్నా మంచి కాపు దోమతెర. మందు పట్టించినదైతే మరీ మంచిది. అంచులు పరుపు కిందికి దోపాలి, చిరుగులు కుట్టుకోవాలి. పుట్టింటికి పురిటికి పంపేటప్పుడు చీర, సారెతో పాటు ఒక దోమతెర కూడా పెట్టండి! సాయంత్రాలు ఒళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. వేపాకు పొగ, దోమల కాయిల్స్ పొగ మూసిన గదిలో పీలిస్తే చూలాలికి మంచిది కాదు.

నగరాల్లో మలేరియా తెచ్చే దోమ మురుగులో కాదు, మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. మూతలేని సంపు, మేడ మీది ట్యాంకు, పాడుబడ్డ బావి, కొత్త స్లాబు మీద నిలబెట్టిన నీళ్లు... అన్నీ దానికి పుట్టిళ్లే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లు పారబోసి తొట్టెలు ఎండబెడితే చాలు, ఆ వరస తెగిపోతుంది. పారబోయలేని బావుల్లో గంబూసియా చేపలు వదలమని మునిసిపాలిటీ వాళ్లను అడగవచ్చు.

చివరగా ఒక మాట. మన పక్క స్థలంలో అపార్టుమెంటు కడుతున్న కూలీలు చాలామంది ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో నిండు నెలల ఇల్లాళ్లూ ఉంటారు, రేకుల షెడ్డులో దోమతెర కూడా లేకుండా పడుకుంటారు. ఆమెకు జ్వరం వస్తే భాష రాదు, ఆసుపత్రి ఎక్కడో తెలియదు, కూలి పోతుందని భయం. అక్కడ కుట్టిన దోమ పది పన్నెండు రోజుల తర్వాత మన గోడ దాటి రాదన్న పూచీ లేదు. ఆశా కార్యకర్తకు ఆ షెడ్డు చూపించడం, మేస్త్రీతో ఒక మాట చెప్పడం మనకు పెద్ద పనేం కాదు. ఆమె కడుపున ఉన్నదీ ఒక తల్లి బిడ్డే కదా!