సర్వరునకు తాళము – లైబ్రరీల పొరపొచ్చెములు

నేడు మైలవరమువంటి చిన్న పట్టణములందు సైతము ఇంటర్నెట్టుతో సంబంధము లేని గృహము అరుదు. పిల్లవాని పరీక్షరుసుము చెల్లించుట, బస్సులో చోటు ఏర్పరచుకొనుట, పొలము కాగితములు చూచుకొనుట, బ్యాంకులోని సొమ్ము విచారించుట మొదలగు పనులు చేతిలోని ఫోనుమీదనే జరిగిపోవుచున్నవి. ఈ పనులను జరుపునది ఎక్కడనో ఒక గదిలో రేయింబవళ్లు మేల్కొనియుండు కంప్యూటరు. దానిని సర్వరందురు. మనకును ఆ సర్వరునకును నడుమ సాగు సంభాషణము ఇతరుల చెవిని పడకుండ కాపాడు ఏర్పాటే సురక్షిత సంబంధము. ఆ ఏర్పాటును నెలకొల్పబోవునప్పుడు తరచుగా ఎదురగు ఒక చిక్కునుగూర్చి, అనగా సాఫ్ట్‌వేరు లైబ్రరీల నడుమ పుట్టు వైరుధ్యమునుగూర్చియు, దానిని కనుగొని తీర్చు విధమునుగూర్చియు ఈ ప్రసంగమున విన్నవింపదలచితిని. విషయము సాంకేతికమే, కాని దాని ఫలితమును అనుభవించువారు సామాన్యులు. కావున సాంకేతికులకు పనికివచ్చునట్లును, తక్కినవారికి బోధపడునట్లును చెప్ప యత్నించెదను.

ముందుగా ఈ తాళమనగా నేమి? మనము ఫోనునుండి పంపు మాటలు సర్వరును చేరులోపల పెక్కు యంత్రములను దాటి పోవును. కార్డుముక్కమీద వ్రాసిన జాబును టపా మోయు ప్రతివారును చదువగలిగినట్లే, రక్షణ లేని సంబంధముద్వారా పోవు మాటలను త్రోవలోనివారు చదువవచ్చును, మార్చవచ్చును కూడ. సురక్షిత సంబంధము మూడు మేలులు చేయును. మొదటిది, మాటలు రహస్యలిపిలోనికి మారుటచే పరులకు బోధపడవు. రెండవది, త్రోవలో ఒక్క అక్షరము మారినను తెలిసిపోవును. మూడవది, మనము మాటలాడుచున్నది అసలు సర్వరుతోనేగాని దాని వేషము ధరించిన మోసగానితో కాదను నమ్మకము కలుగును. ఈ మూడవ ప్రయోజనమునకై సర్వరు ఒక ధ్రువపత్రమును చూపవలసియుండును. 2015వ సంవత్సరాంతమునుండి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థవారు ఇట్టి ధ్రువపత్రములను ఉచితముగా ఇచ్చుచున్నారు. కావున వ్యయము భరింపలేమను సాకు ఇప్పుడు చెల్లదు.

ఈ పద్ధతికి 1995లో నెట్‌స్కేప్ కంపెనీవారు ఎస్‌ఎస్‌ఎల్ అను పేరుతో రూపు కల్పించిరి. 1999లో దానిని సంస్కరించి టీఎల్‌ఎస్ అని పేరు మార్చిరి. 2018లో టీఎల్‌ఎస్ 1.3 వెలువడినది. పాత ఎస్‌ఎస్‌ఎల్ కూర్పులన్నియు నేడు త్యాజ్యములు. అయినను విజయవాడను పెద్దలు బెజవాడయనుట మాననట్లే, సాంకేతికులు టీఎల్‌ఎస్‌ను సైతము ఎస్‌ఎస్‌ఎల్ అనియే పిలుచుచున్నారు.

ఇక లైబ్రరీ మాట. కృష్ణాతీరవాసులకు గ్రంథాలయమనగా నేమో ఒకరు చెప్ప పనిలేదు. ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ 1914లో జరిగినది బెజవాడ రామమోహన గ్రంథాలయమందే. ప్రతి గృహస్థుడును ప్రతి పుస్తకమును కొనకుండ, ఊరికొక ప్రతి యుంచుకొని అందరును చదువుకొనవలెననుట గ్రంథాలయసూత్రము. కంప్యూటరులోని లైబ్రరీకిని సూత్రమదియే. పలు ప్రోగ్రాములకు అవసరమగు విద్యను ఒక్కచోట వ్రాసియుంచిన ఫైలే లైబ్రరీ. ఏ ప్రోగ్రాము నడచినను, అవసరము కలిగినప్పుడు ఆ ఫైలును తెరచి వాడుకొనును.

వెబ్ సర్వరు ప్రోగ్రాములలో మిక్కిలి ప్రసిద్ధమైన అపాచీ 1995లో బయలుదేరినది. రహస్యలిపి విద్య దానికి స్వయముగా రాదు. మాడ్ ఎస్‌ఎస్‌ఎల్ అను మాడ్యూలును అది తోడు తెచ్చుకొనును. ఆ మాడ్యూలు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అను లైబ్రరీని ఆశ్రయించును. ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ అనువారు రచించిన పూర్వపు లైబ్రరీ ఆధారముగా 1998 డిసెంబరులో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ పుట్టినది. ఇందు ముఖ్యమైన ఫైళ్లు రెండు. రహస్యలిపి గణితమంతయు లిబ్ క్రిప్టోలో నుండును. సంభాషణ నియమములు లిబ్ ఎస్‌ఎస్‌ఎల్‌లో నుండును.

ఒకే ప్రతిని పలువురు వాడుకొనుటయందలి మేలును లోకము 2014 ఏప్రిలులో ప్రత్యక్షముగా చూచినది. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ 1.0.1 కూర్పునందు హార్ట్‌బ్లీడ్ అను దోషము బయటపడినది. దానివలన సర్వరు జ్ఞాపకములోని రహస్యములను దూరమునుండియే పరులు లాగుకొనగలిగిరి. 1.0.1జి అను సవరించిన కూర్పు వెలువడగనే, లైబ్రరీ ఫైళ్లను మార్చి దాని నాశ్రయించిన ప్రోగ్రాములను మరల ప్రారంభించినచో, వానికన్నిటికిని దోషము తొలగిపోయినది. ఇది మేలు. కీడేమనగా, ఆ ఒక్క ప్రతిలో మార్పు జరిగినచో దానిని నమ్ముకొన్నవారందరును ఆ మార్పునకు లోబడవలసినదే.

ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో అట్టి పెద్దమార్పులు రెండు జరిగినవి. 2016లో 1.1.0 కూర్పు వచ్చినప్పుడు పాత పిలుపులలో కొన్ని మాయమైనవి. ఉదాహరణమునకు, అంతకుపూర్వము ప్రోగ్రాములు తమ పనిని ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ ఇనిట్ అను పిలుపుతో ఆరంభించెడివి. కొత్త లైబ్రరీ ఫైలులో ఆ పిలుపు లేదు. దానికి బదులు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ ఇనిట్ ఎస్‌ఎస్‌ఎల్ అను మరియొక పిలుపు వచ్చినది. మరల 2021 సెప్టెంబరులో 3.0 కూర్పు వెలువడినది. 2018లో వచ్చిన 1.1.1 కూర్పునకు ఉచితముగా సవరణలిచ్చుట 2023 సెప్టెంబరుతో నిలిచిపోయినది. కావున పాతదానిని పట్టుకొని కూర్చుండ వీలులేదు. కొత్తదానికి మారబోయినచో పాత ప్రోగ్రాములు మొరాయించును.

ఈ మొరాయింపు మూడు విధములుగా కనబడును. మొదటిది, ‘ఫలానా లైబ్రరీ ఫైలు తెరువ సాధ్యము కాలేదు’ అని సర్వరు చెప్పి నిలిచిపోవుట. పుస్తకము ఊరిలో ఉన్నది గాని, అడిగినవాడు వెదకిన బీరువాలో లేదని దీని భావము. రెండవది, ‘ఫలానా పిలుపు నిర్వచింపబడలేదు’ అనియో, ‘ఫలానా కూర్పు గుర్తు కానరాలేదు’ అనియో చెప్పుట. పుస్తకము దొరకినది గాని, కోరిన అధ్యాయము అందులో లేదన్నమాట. మూడవది మిక్కిలి ప్రమాదకరము. సర్వరు లేచినట్లే లేచి, ఎవరైన పలుకరింపగనే కుప్పకూలును. అపాచీలో ఒక మాడ్యూలు ఒక కూర్పును, పీహెచ్‌పీ వంటి వేరొక మాడ్యూలు ఇంకొక కూర్పును ఒకే ప్రక్రియలోనికి తెచ్చినప్పుడు ఇట్లు జరుగవచ్చును. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవుగదా.

మా మైలవరము ప్రాంతమున నేనెరిగిన ఒక విద్యాసంస్థలో కొన్నియేండ్ల క్రిందట జరిగినది ఇందుకు నిదర్శనము. వారి సర్వరు సెంటాస్ 7 మీద నడచుచుండెను. అందలి ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2 కూర్పు. దానికి టీఎల్‌ఎస్ 1.3 రాదు. కావున అచటి సాంకేతికుడు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1ను మూలమునుండి నిర్మించి వేరొక డైరెక్టరీలో ఉంచెను. దానితో అపాచీని కూడ నిర్మించెను. తన టెర్మినలులో ఎల్‌డీ లైబ్రరీ పాత్ అను పరిసరచరమునకు ఆ డైరెక్టరీ త్రోవను తెలిపి సర్వరును నడపెను. సాయంకాలమున అంతయు సవ్యముగా నుండెను. రాత్రి కరెంటు పోయి వచ్చినది. తెల్లవారుసరికి సర్వరు లేవలేదు.

కారణము సులభమే. సాంకేతికుడు త్రోవ చెప్పినది తన టెర్మినలునకు మాత్రమే. యంత్రము తనంతట లేచినప్పుడు సర్వరును ప్రారంభించునది సిస్టమ్‌డీ అను వ్యవస్థ. దానికి ఆ త్రోవ తెలియదు. కాని తొందరలో ఎవరును ఈ సంగతి విచారింపలేదు. ఆ దినము పరీక్షరుసుము చెల్లించుటకు కడపటి దినము. వెల్వడము, పుల్లూరు మొదలగు గ్రామములనుండి విద్యార్థులు ఫోనులు చేయుచుండిరి. ‘1.1 ఫైలు కానరాలేదు’ అను ఫిర్యాదును చూచి మరియొకరు పాత ఫైలునకే 1.1 అను పేరుగల సింబాలిక్ లింకు కట్టిరి. పైన పటారము, లోన లొటారము. పాత పుస్తకమునకు కొత్త అట్ట వేసినంతమాత్రమున కొత్త అధ్యాయములు అందులోనికి వచ్చునా? సర్వరు వెంటనే ‘1.1 కూర్పు గుర్తు కానరాలేదు’ అని వేరొక ఫిర్యాదు చేసెను. చిక్కు ఒకటి రెండైనది. అంతట, ‘తాళము తీసివేసి నడపుదము, రేపు చూచుకొనవచ్చును’ అను ఆలోచన పుట్టినది. అనగా, విద్యార్థుల రహస్యపదములును, వారి వివరములును ఒకదినమంతయు తెరచిన కార్డుమీద ప్రయాణము చేయవలెను. ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లే ఇది.

నన్ను సలహా అడుగగా, ముందు రెండు ప్రశ్నలు వేసితిని. ఎల్‌డీడీ అను ఆజ్ఞ, ఒక ఫైలు ఏయే లైబ్రరీలను ఎచ్చటినుండి తెచ్చుకొనుచున్నదో చెప్పును. మాడ్ ఎస్‌ఎస్‌ఎల్ ఫైలుమీద దానిని సాంకేతికుని టెర్మినలులో నడపగా ఒక త్రోవ కనబడినది. పరిసరచరము లేని కొత్త టెర్మినలులో నడపగా వేరొక త్రోవ, ఆ కట్టిన లింకు త్రోవ, కనబడినది. ఒకే ప్రశ్నకు రెండు సమాధానములు వచ్చినచోటనే రోగమున్నది. లింకును తీసివేయించి, సర్వీసు ఫైలులో ఆ ఒక్క సర్వరునకు మాత్రమే సరియైన త్రోవను వ్రాయించి, సిస్టమ్‌డీచే దానిని మరల చదివించితిమి. సర్వరు తాళముతోనే లేచినది. రుసుములు చెల్లినవి.

ఇట్టి చిక్కు ఎదురైనవారు అనుసరింపదగిన క్రమమును ఇప్పుడు చెప్పెదను.

ఒకటి, లాగు ఫైలులోని ఫిర్యాదును అక్షరము పొల్లుపోకుండ చదువవలెను. ఏ ఫైలు, ఏ పిలుపు, ఏ కూర్పు అను మూడు సంగతులును చాలవరకు అందులోనే యుండును. అపాచీ కాన్ఫిగ్‌టెస్ట్ నడిపినచో మాడ్యూళ్లను తెచ్చుటలోని దోషము సర్వరును ప్రారంభింపకయే తెలియును.

రెండు, ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ అను ఆజ్ఞ ఇచ్చు సమాధానమును చూచి మోసపోరాదు. అది ఆ ఆజ్ఞ వాడుకొను కూర్పును చెప్పునేగాని, సర్వరు వాడుకొను కూర్పును కాదు. సర్వరు లేచినప్పుడు తన లాగులో వ్రాసికొను పంక్తియే దీనికి ప్రమాణము.

మూడు, ఎల్‌డీడీతో మాడ్యూలును పరీక్షింపవలెను. యంత్రములో లిబ్ ఎస్‌ఎస్‌ఎల్, లిబ్ క్రిప్టో ప్రతులు ఎన్ని యున్నవో, ఎచ్చటెచ్చట నున్నవో, ఏది అసలో, ఏది లింకో జాబితా వ్రాసికొనవలెను. ఈ రెండు ఫైళ్లును ఒకే కూర్పునకు చెందినవై యుండవలెను.

నాలుగు, వెదకు త్రోవలను విచారింపవలెను. నిర్మాణసమయమున ఫైలులోనే చెక్కిన త్రోవ, పరిసరచరము, ఎల్‌డీకాన్ఫిగ్ తయారుచేయు పట్టిక, వ్యవస్థకు సహజమైన డైరెక్టరీలు, ఈ నాలుగింటిలో ఏదో ఒకచోట తికమక జరిగియుండును.

ఐదు, మూలమునుండి నిర్మించినచో, నిర్మాణమున చదివిన హెడరు ఫైళ్లును, నడచునప్పుడు దొరకు లైబ్రరీయు ఒకే కూర్పువా యని చూడవలెను. విషయసూచిక ఒక ముద్రణమునుండియు, పుస్తకము వేరొక ముద్రణమునుండియు తెచ్చుకొనినచో పుటలు కలియవు.

ఆరు, ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, ఫలితమును చూచి, కాగితముమీద వ్రాసికొనవలెను. అంతయు కుదిరిన పిమ్మట యంత్రమును ఒకమారు బుద్ధిపూర్వకముగా ఆర్పి వెలిగింపవలెను. కరెంటు పోయినప్పుడు తెలియవలసినది పగటివేళ మనయెదుటనే తెలియుట మేలు.

చేయరాని పనులు కూడ కొన్ని కలవు. కూర్పుల పేర్లు మార్చి లింకులు కట్టరాదు. వ్యవస్థతో వచ్చిన లైబ్రరీని తొలగించి దానిస్థానమున మనము నిర్మించినదానిని పెట్టరాదు. దూరమునుండి యంత్రములోనికి ప్రవేశించు ఎస్‌ఎస్‌హెచ్ మొదలగునవి దానిమీదనే ఆధారపడియుండవచ్చును. అది చెడినచో బాగుచేయుటకు లోపలికి పోవు దారియే మూసికొనిపోవును.

వీనియన్నింటికంటె ఉత్తమమగు మార్గము, సర్వరును, మాడ్యూలును, లైబ్రరీని ఒకే పంపిణీవారి ప్యాకేజీలనుండి తీసికొనుట. వారు వానిని ఒకదానితో నొకటి సరిపోల్చియే పంపుదురు. సవరణలును తమంతట వచ్చుచుండును. పంపిణీయే పాతబడినచో దానినే మార్చవలెను. సెంటాస్ 7 నకు సవరణలు 2024 జూన్ 30తో ముగిసినవి. పైని చెప్పిన విద్యాసంస్థవారును తుదకు కొత్త పంపిణీకి మారి, చేతితో నిర్మించిన ప్రతులను విసర్జించిరి. తప్పనిసరిగా రెండు కూర్పులు కావలసియున్నచో, వానిని వేర్వేరు కంటైనర్లలో నుంచినయెడల ఒకదానినొకటి తాకవు.

సంస్థలు నడపువారికి ఒక్క మనవి. 2023లో మనదేశమున చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ప్రజల వివరములను సేకరించువారు తగిన రక్షణ కల్పింపవలెనని విధించుచున్నది. ఈ బాధ్యత రాత్రివేళ ఒంటరిగా కూర్చుండి మరమ్మతు చేయు సాంకేతికునిది మాత్రమే కాదు. అతనికి తగిన వ్యవధియు, ప్రయోగము చేసి చూచుకొనుటకు వేరొక యంత్రమును ఇయ్యవలసిన యాజమాన్యముది కూడ. కడపటి దినమున తాళము తీసివేయుద మను మాట రాకుండ చూచుకొనుట వారి చేతులలోనే యున్నది. తమ పేరును, పుట్టినతేదీని, ఫోను సంఖ్యను మన సర్వరునకు అప్పగించు పల్లెటూరి విద్యార్థికి లైబ్రరీల పొరపొచ్చెములు తెలియవు, తెలియనక్కరయు లేదు. అతని నమ్మకమును నిలుపుట మన పని.