కారు రవాణా వ్యయం: కిరాయి ఒకటి, అసలు ఖర్చు మరొకటి

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- లారీ కిరాయిలో ఏయే వ్యయాలు ఇమిడి ఉంటాయో వివరించగలుగుతారు.
- కిరాయి దూరంతో సమానంగా ఎందుకు పెరగదో ఉదాహరణతో చెప్పగలుగుతారు.
- కారును పంపడం, నడుపుకుంటూ వెళ్ళడం, అమ్మేయడం అనే మూడు మార్గాలను సరైన వ్యయాలతో పోల్చగలుగుతారు.
- నష్టం జరిగితే రవాణాదారు బాధ్యత ఎంతవరకో గుర్తించగలుగుతారు.

6.1 పరిచయం

గత భాగాలలో స్థిర వ్యయం, చర వ్యయం, ఉపాంత వ్యయం, అవకాశ వ్యయం గురించి చదివారు. ఈ భావనలు నిత్యజీవితంలో ఎక్కడ ఉపయోగపడతాయన్న సందేహం చాలామంది విద్యార్థులకు వస్తుంది. ఈ భాగంలో ఒకే ఒక్క సమస్యను తీసుకొని వాటన్నిటినీ పరీక్షిద్దాం.

హైదరాబాద్‌లో పని చేస్తున్న ఒక బ్యాంకు ఉద్యోగికి ఢిల్లీకి బదిలీ అయిందనుకోండి. ఆమెకు ఐదేళ్ళనాటి పెట్రోలు కారు ఉంది. దాని ప్రస్తుత విలువ 6,00,000 రూపాయలు. ముగ్గురు రవాణాదారులను అడిగితే ఒకరు 10,000, మరొకరు 14,000, ఇంకొకరు 18,000 రూపాయలు చెప్పారు. కారు అదే, దూరం అదే. ధరల్లో ఇంత తేడా ఎందుకు? తక్కువ చెప్పినవారికి కారు అప్పగించడం తెలివైన పనేనా? ఇల్లు తరవాత చాలా మధ్యతరగతి కుటుంబాలకు అత్యంత విలువైన ఆస్తి కారే. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు తెలియడం అవసరం.

గమనిక: కింద ఇచ్చిన రూపాయల లెక్కలు వివరణ కోసం ఊహించినవి. మీ సందర్భంలో అంకెలు మారతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

6.2 కిరాయి దేనికి చెల్లిస్తున్నాం?

కార్లను దూరప్రాంతాలకు తీసుకువెళ్ళడానికి రెండంతస్తుల పొడవాటి ట్రైలర్ లారీలు వాడతారు. మనం చూడబోయే లారీలో ఎనిమిది కార్లు పడతాయనుకుందాం. మీరు కిరాయి కట్టేది మొత్తం లారీకి కాదు, అందులో ఒక కారు పట్టే చోటుకు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగిలినదంతా సులువుగా బోధపడుతుంది.

హైదరాబాద్ నుంచి నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్ మీదుగా 44వ జాతీయ రహదారి వెంట ఢిల్లీకి సుమారు 1,600 కిలోమీటర్లు. లారీ ఒకవైపు ప్రయాణానికి అయ్యే వ్యయం ఇలా ఉందనుకుందాం:

- డీజిల్ (లీటరుకు 4 కి.మీ. చొప్పున 400 లీటర్లు, లీటరు రూ. 95): రూ. 38,000
- టోల్ రుసుములు: రూ. 15,000
- డ్రైవరు, క్లీనరు జీతభత్యాలు: రూ. 10,000
- లారీ అప్పు వాయిదా, బీమా, పర్మిట్, టైర్ల అరుగుదల (రోజుకు రూ. 5,000 చొప్పున 5 రోజులు): రూ. 25,000
- మొత్తం: రూ. 88,000

ఇవి ఎనిమిది కార్లకూ ఉమ్మడి వ్యయాలు. లారీ నిండితే ఒక్కో కారుకు పడేది 11,000 రూపాయలు. ఐదు కార్లతోనే బయలుదేరితే అదే వ్యయం ఒక్కో కారుకు 17,600 రూపాయలు అవుతుంది. అందుకే రవాణాదారు లారీ నిండేవరకు ఆగుతాడు. "రెండు మూడు రోజుల్లో బయలుదేరుతుంది" అని చెప్పి వారం జాప్యం చేయడానికి ముఖ్య కారణం ఇదే. ఫలానా తేదీకే కారు కదలాలని మీరు పట్టుబడితే, ఖాళీగా మిగిలే చోట్ల ఖర్చులో కొంత మీ మీద పడుతుంది.

6.3 దూరం పెరిగితే కిలోమీటరు ఖర్చు ఎందుకు తగ్గుతుంది?

పైన చెప్పినవి దారి వ్యయాలు. ఇవి కాక మీ ఇంటి నుంచి కారును యార్డుకు తీసుకువెళ్ళడం, లారీపైకి ఎక్కించి కట్టడం, గమ్యంలో దింపడం, ఇంటికి చేర్చడం, కాగితాలు రాయడం వంటి పనులు ఉంటాయి. వీటిని కొస వ్యయాలు అనవచ్చు. ఒక్కో కారుకు ఇవి 3,000 రూపాయలనుకుందాం. దూరం ఎంతైనా ఇవి మారవు.

ఇప్పుడు రెండు ప్రయాణాలను పోల్చండి. ఢిల్లీకి దారి వ్యయం 11,000, కొస వ్యయం 3,000, మొత్తం 14,000. అంటే కిలోమీటరుకు 8 రూపాయల 75 పైసలు. అదే లెక్కన 500 కిలోమీటర్ల దూరంలోని నాగపూర్‌కు దారి వ్యయం సుమారు 3,440, కొస వ్యయం 3,000, మొత్తం 6,440. కిలోమీటరుకు దాదాపు 12 రూపాయల 90 పైసలు. నాగపూర్ కిరాయి చూసి "మూడో వంతు దూరానికి సగం కిరాయి అడుగుతున్నారు" అనుకోవడం సహజం. కాని ఇందులో మోసం లేదు. మారని కొస వ్యయం తక్కువ దూరం మీద పంపిణీ కావడమే కారణం.

6.4 తిరుగు ప్రయాణం ప్రభావం

ఢిల్లీ చేరిన లారీ తిరిగి రావాలి కదా! తిరుగు ప్రయాణంలో సరుకు దొరకకపోతే ఆ ఖర్చు కూడా వెళ్ళేటప్పుడే రాబట్టుకోవాలి. రానుపోను వ్యయం 1,76,000 రూపాయలను ఎనిమిది కార్లే భరిస్తే ఒక్కో కారుకు 22,000. తిరుగుదారిలో నాలుగు కార్లు దొరికినా భారం పన్నెండు కార్ల మీద పడి, సగటున సుమారు 14,670 అవుతుంది.

హర్యానాలోని గురుగ్రామ్, మానేసర్‌లలో మారుతీ సుజుకి కర్మాగారాలు ఉన్నాయి. చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూర్‌లో హ్యుందాయ్, ఆంధ్రప్రదేశ్‌లోని పెనుకొండ దగ్గర కియా కర్మాగారాలు ఉన్నాయి. కొత్త కార్లతో వెళ్ళిన ట్రైలర్లు తిరిగి వచ్చేటప్పుడు దొరికిన సరుకును తక్కువ కిరాయికైనా ఎక్కించుకోవడానికి సిద్ధపడతాయి. కాబట్టి హైదరాబాద్ నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు కిరాయి ఒకేలా ఉండాలన్న నియమం లేదు.

ఇక్కడే ఉపాంత వ్యయం గుర్తు చేసుకోండి. ఏడు కార్లు ఎక్కాయి, లారీ ఎలాగూ బయలుదేరుతుంది. ఎనిమిదో కారు ఎక్కిస్తే రవాణాదారుకు అదనంగా అయ్యేది దాదాపు కొస వ్యయం 3,000 మాత్రమే. అందువల్ల అతడు 10,000 రూపాయలకు ఒప్పుకొన్నా లాభమే. అంటే తక్కువ ధర చెప్పినవాడు తప్పకుండా మోసగాడని చెప్పలేం. అయితే ఆ ధర ఖాళీ చోటు వల్ల తగ్గిందా, కొన్ని ఖర్చులను దాచడం వల్ల తగ్గిందా అన్నది మీరు తేల్చుకోవాలి. ఇంటి నుంచి ఇంటికా, యార్డు నుంచి యార్డుకా? వస్తు సేవల పన్ను కలిపారా? దింపుడు కూలి ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకు రాతపూర్వకమైన జవాబు తీసుకున్న తరవాతే రెండు ధరలను పోల్చాలి.

మీ అవగాహనను సరిచూసుకోండి - 1

అ) లారీలో ఆరు కార్లే ఎక్కితే పై ఉదాహరణలో ఒక్కో కారుకు దారి వ్యయం ఎంత?
ఆ) కొస వ్యయం దూరాన్నిబట్టి మారుతుందా?

6.5 నష్టభయం కూడా వ్యయమే

రోడ్డు రవాణాదారుల బాధ్యతను 2007 నాటి రోడ్డు రవాణా చట్టం నిర్ణయిస్తుంది. ఇది 1865 నాటి క్యారియర్ల చట్టం స్థానంలో వచ్చి, 2011 మార్చి 1 నుంచి అమలులో ఉంది. ఈ చట్టం కింద రూపొందిన నిబంధనల ప్రకారం సరుకు పోయినా, దెబ్బతిన్నా రవాణాదారు బాధ్యత సాధారణంగా కిరాయికి పది రెట్లకు పరిమితం. అంతకు మించి రక్షణ కావాలంటే సరుకు అప్పగించేటప్పుడే అధిక బాధ్యత రేటు చెల్లించడానికి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

మన ఉదాహరణకు దీన్ని వర్తింపజేయండి. కిరాయి 14,000 అయితే బాధ్యత పరిమితి 1,40,000. కారు విలువ 6,00,000. మధ్యలో 4,60,000 రూపాయల నష్టానికి రవాణాదారు జవాబుదారీ కాడు. కిరాయిని 10,000కు తగ్గించుకుంటే పరిమితి కూడా 1,00,000కు పడిపోతుంది. అంటే 4,000 రూపాయలు ఆదా చేసి 40,000 రూపాయల రక్షణ వదులుకున్నట్లు. కిరాయి మాత్రమే చూసేవారికి ఈ సంగతి కనిపించదు.

ఈ లోటును బీమా పూడ్చాలి. మన దేశంలోని ప్రామాణిక సమగ్ర మోటారు బీమా పాలసీలో, కారును రోడ్డు, రైలు వంటి మార్గాలలో రవాణా చేస్తున్నప్పుడు జరిగే నష్టం కూడా సొంత నష్టం విభాగంలో చేరి ఉంటుంది. కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉంటే ఈ రక్షణ లేదు. సమగ్ర పాలసీ ఉన్నా అరుగుదల తగ్గింపు, యజమాని భరించాల్సిన కొంత మొత్తం, నో క్లెయిమ్ బోనస్ పోవడం వంటివి ఉంటాయి. కాబట్టి మీ పాలసీ చదివి, బీమా కంపెనీతో రాతపూర్వకంగా ధ్రువపరచుకోండి. ఆ తరవాతే అదనపు బీమా అవసరమో కాదో నిర్ణయించండి. రవాణాదారు బిల్లులో "బీమా" అని ఒక వరస రాసి డబ్బు తీసుకుంటే, బీమా కంపెనీ జారీ చేసిన పత్రం చూపమనండి. పత్రం లేకపోతే బీమా లేనట్లే.

కారు అప్పగించేముందు నాలుగు వైపులా, లోపల, కిలోమీటర్ల మీటరును ఫొటోలు తీయండి. ఉన్న గీతలను, సొట్టలను రసీదు మీద రాయించండి. లారీ రసీదు మీద రవాణాదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. మీతో మాట్లాడిన మనిషి మధ్యవర్తి మాత్రమే కావచ్చు. నష్టం జరిగితే దావా వేయడానికి ముందు, బుకింగ్ తేదీ నుంచి 180 రోజులలోపు రవాణాదారుకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలని చట్టం చెబుతుంది. ఈ గడువు దాటితే హక్కు పోతుంది.

6.6 గమ్యం చేరిన తరవాతి ఖర్చు

1988 మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. ఇందుకు 48వ సెక్షన్ కింద పాత రిజిస్ట్రేషన్ అధికారి నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. కారు మీద బ్యాంకు రుణం ఉంటే ఆ బ్యాంకు అనుమతి కూడా ఉండాలి. కొత్త రాష్ట్రంలో రహదారి పన్ను చెల్లించి, పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి పన్ను వాపసు కోరాలి. పన్ను నియమాలు రాష్ట్రానికొక రకంగా ఉంటాయి కాబట్టి ముందుగానే రెండుచోట్లా రవాణా శాఖ కార్యాలయంలో విచారించాలి. 2021లో ప్రవేశపెట్టిన బి.హెచ్. సిరీస్ నంబరు ఉన్న కార్లకు రాష్ట్రం మారినప్పుడు ఈ మళ్ళీ రిజిస్ట్రేషన్ బెడద లేదు.

గమ్యాన్నిబట్టి మరో పరీక్ష కూడా ఉంది. ఢిల్లీ రాజధాని ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ కార్ల మీద, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు కార్ల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆంక్షలు విధించింది. 2018లో సుప్రీంకోర్టు కూడా వాటి అమలుకు ఆదేశించింది. తరవాత కూడా ఈ నియమాలలో మార్పులు వస్తున్నాయి. పాత కారు ఉన్నవారు కిరాయి మాట్లాడే ముందే తాజా నిబంధన తెలుసుకోవాలి. తిప్పడానికి వీల్లేని చోటుకు కారును ఎంత చౌకగా పంపినా ఆ కిరాయి వృథాయే.

6.7 మూడు మార్గాల పోలిక

మొదటి మార్గం, లారీలో పంపడం: కిరాయి 14,000, పన్ను, బీమా కలిపి 3,000. మొత్తం 17,000.

రెండో మార్గం, నడుపుకుంటూ వెళ్ళడం: పెట్రోలు (లీటరుకు 16 కి.మీ. చొప్పున 100 లీటర్లు, లీటరు రూ. 105) 10,500, టోల్ 3,000, బస, భోజనం 5,000, అరుగుదల 3,000. మొత్తం 21,500. ఇద్దరి రైలు టికెట్ల ఖర్చు 5,000 మిగులుతుంది కాబట్టి నికరం 16,500. ఇందుకోసం మూడు రోజుల సెలవు పోతే, రోజు విలువ 2,000 చొప్పున అవకాశ వ్యయం 6,000 కలపాలి. అప్పుడు 22,500. కొత్తచోట చేరడానికి కార్యాలయమే గడువు ఇచ్చి, ఆ రోజులకు వేరే ఉపయోగం లేకపోతే ఈ 6,000 కలపనక్కర్లేదు. అంకెలన్నీ ఒకటే అయినా ఒకరికి లారీ చౌక, మరొకరికి సొంత ప్రయాణం చౌక కావడానికి కారణం ఇదే.

మూడో మార్గం, ఇక్కడ అమ్మి అక్కడ అలాంటిదే కొనడం: ఇక్కడ చేతికి వచ్చేది 5,60,000, అక్కడ పెట్టాల్సింది 6,20,000 అనుకుంటే ఖర్చు 60,000.

మొదటి చూపులో మూడో మార్గం బాగా ఖరీదైనది. కాని మళ్ళీ రిజిస్ట్రేషన్‌కు, పన్నుకు, వాపసు పోను, నికరంగా 45,000 అవుతుందనుకోండి. ఈ ఖర్చు మొదటి రెండు మార్గాలకూ సమానం. అందువల్ల ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు దీన్ని వదిలేయవచ్చు. మూడో మార్గంతో పోల్చేటప్పుడు మాత్రం తప్పక కలపాలి. కలిపితే లారీలో పంపే ఖర్చు 62,000 అవుతుంది, అమ్మి కొనే ఖర్చు కన్నా 2,000 ఎక్కువ! ఉద్యోగి ఢిల్లీలో ఉండేది పది నెలలే అయితే 47వ సెక్షన్ కింద కొత్త నంబరు అవసరం రాదు. అప్పుడు లారీలో పంపడమే మేలు, అయితే తిరుగు కిరాయి కూడా లెక్కలో వేసుకోవాలి. చూశారా, నిర్ణయాన్ని మార్చింది రవాణాదారు చెప్పిన ధర కాదు, అక్కడ ఎంతకాలం ఉంటారన్నది.

కారు కొన్నప్పుడు పెట్టిన డబ్బు ఈ లెక్కలో ఎక్కడా లేదని గమనించండి. అది తిరిగిరాని వ్యయం. "అంత పెట్టి కొన్నాం, ఎలా అమ్ముతాం?" అన్న ఆలోచన మనసుకు సంబంధించినది, లెక్కకు సంబంధించినది కాదు. ఆ మమకారానికి విలువ ఇవ్వాలనుకుంటే ఇవ్వవచ్చు. దాని ధర ఎంతో తెలుసుకొని ఇవ్వండి.

మీ అవగాహనను సరిచూసుకోండి - 2

ఇ) కిరాయి 18,000 అయితే రవాణాదారు సాధారణ బాధ్యత పరిమితి ఎంత?
ఈ) మళ్ళీ రిజిస్ట్రేషన్ ఖర్చును ఏ పోలికలో వదిలేయవచ్చు?

6.8 సారాంశం

కారు కిరాయి అంటే లారీలో ఒక చోటు ధర. లారీ ఎంత నిండింది, తిరుగుదారిలో సరుకు ఉందా, కొస వ్యయాలు ఎంత అన్న అంశాలు దాన్ని నిర్ణయిస్తాయి. దూరం వాటిలో ఒకటి మాత్రమే. కిరాయికి నష్టభయాన్ని, గమ్యంలో అయ్యే పన్నులను, మీ సమయం విలువను కలిపితేనే అసలు ఖర్చు తెలుస్తుంది. రెండు మార్గాలను పోల్చేటప్పుడు రెండింటికీ సమానమైన ఖర్చును, తిరిగిరాని ఖర్చును పక్కన పెట్టాలి.

6.9 సమాధానాలు

అ) సుమారు రూ. 14,670. ఆ) మారదు. ఇ) రూ. 1,80,000. ఈ) లారీలో పంపడం, నడుపుకుంటూ వెళ్ళడం అనే రెండింటి పోలికలో.

6.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. ఉమ్మడి వ్యయాలు, కొస వ్యయాలు లారీ కిరాయిని ఎలా ప్రభావితం చేస్తాయో ఉదాహరణతో వివరించండి.
2. తక్కువ కిరాయి ఎప్పుడు నిజమైన ఆదా అవుతుంది, ఎప్పుడు కాదు? చర్చించండి.
3. మీ ఊరి నుంచి మరో రాష్ట్రంలోని ఒక నగరానికి కారును తరలించాలి. ముగ్గురు రవాణాదారుల ధరలు సేకరించి, ఈ భాగంలోని పద్ధతిలో మూడు మార్గాలను పోల్చి పట్టిక తయారు చేయండి.