పత్తి చేల నుంచి మంచు కొండకు.. రెండు రోజులు!

మా చందర్లపాడు వైపు మంచు పడితే ఎవరూ సంబరపడరు. డిసెంబరులో కృష్ణ ఒడ్డు నుంచి లేచిన పొగమంచు చేలను కమ్మేస్తే కంది పూత రాలిపోతుందనీ, మిరపకు తెగులు తగులుతుందనీ దిగులు. హైవే ఎక్కాల్సినవాళ్లకైతే ముందు పోయే లారీ కనపడదన్న భయం. అందుకే, లంబసింగి వెళ్లొద్దామని నేనన్నప్పుడు మా అత్తయ్య ముక్కున వేలేసుకున్నారు. "మంచు పడితే పంట పోద్దని గుండెలు బాదుకుంటాం. ఆ మంచుని చూట్టానికి డబ్బులు పోసి వెళ్తామా?" అని.

ఆవిడకు అరవై దాటాయి. ఊరు కదలడమంటే పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరనాళ్ల, చుట్టాల పెళ్లిళ్లు, బెజవాడ ఆస్పత్రి. మొక్కో, శుభకార్యమో, రోగమో ఏదో ఒకటి ఉండాలి. 'ఊరికే' ఎక్కడికీ వెళ్లి ఎరగరు. శని, ఆదివారాలు జీతగాళ్లకే గానీ సేద్యానికి లేవు కదా! పైగా మంచు కొండలు బాగుండే నవంబరు నుంచి జనవరి దాకా మాకు ఊపిరాడని రోజులు. పత్తి తీతలు, ఆ వెంటనే మిరప కోతలు. మొదటి తీత అయ్యి రెండో తీతకు కాయ పగలాల్సిన నాలుగు రోజుల సందు చూసుకుని, మా ఆయన్ని ఇంటి దగ్గర గేదెలకు కాపలా పెట్టి, అత్తాకోడళ్లం బయల్దేరాం.

శుక్రవారం సాయంత్రం నందిగామ మీదుగా బెజవాడ చేరి, రాత్రి రైల్లో తుని దిగాం. సుమారు 250 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి బస్సులో నర్సీపట్నం, అక్కడ ఓ కారు మాట్లాడుకుని ఘాట్ ఎక్కాం.

ఆ గంటలో ఎవరూ పిలవలేదు

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని చిన్న ఊరు. సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తు. దీనికే కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రిపూట ఆరుబయట ఉంటే కొర్రలా, అంటే కొయ్యలా బిగుసుకుపోతారని దానికి అర్థం చెబుతారు. శీతాకాలంలో ఇక్కడ ఉష్ణోగ్రత ఒక అంకెలోకి దిగడం మామూలే. కొన్ని రోజుల్లో సున్నా దరిదాపులకూ వెళ్తుంది.

ఇంత మంచు ఎందుకంటారా? మబ్బులేని శీతాకాలపు రాత్రుల్లో నేల పగటి వేడిని త్వరగా వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలుల మీదుగా జారి లోయలో చేరుతుంది. అడవి, చెరువుల తేమ ఆ చల్లదనానికి సన్నటి నీటి తుంపరలుగా మారి నిలిచిపోతుంది. ఎండ ముదిరితే మళ్లీ కరిగిపోతుంది. కాబట్టి తొమ్మిది, పదింటికి తాపీగా లేస్తే చూడ్డానికి మామూలు కొండలే మిగులుతాయి.

మేం ఆదివారం తెల్లవారుజామునే లేచాం. పది అడుగుల అవతల చెట్టు కనపడటం లేదు. రోడ్డు పక్కన బొంగు చికెన్ కాల్చే పొయ్యిలు అప్పుడే అంటుకుంటున్నాయి. అత్తయ్య శాలువా కప్పుకుని, టీ గ్లాసు పట్టుకుని ఓ బండ మీద కూర్చున్నారు. చాలాసేపు పలకలేదు. తర్వాత అన్నారు: "గంట నుంచి ఒక్కళ్లూ నన్ను పిలవలేదే అమ్మాయ్!" ఇంట్లో తెల్లారితే పాలవాడు, గేదెలు, కూలీలు, మనవళ్లు. నలభై ఏళ్లుగా ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు మరి.

కొండకో కథ ఉంది

మంచు మాత్రమే చూసి దిగిపోతే సగమే చూసినట్టు. 1882 మద్రాసు అటవీ చట్టం ఈ కొండల్లో పోడుకు, అడవి ఫలసాయానికి అడ్డం పడింది. ఆపైన రోడ్ల పనుల్లో గిరిజనులతో వెట్టి చేయించారు. అల్లూరి సీతారామరాజు వెంట మన్యం కదలడానికి ఇవే కారణాలు. 1922 ఆగస్టు 22న ఆయన దళం మొదట దాడి చేసింది లంబసింగికి దగ్గర్లోని చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. నర్సీపట్నం నుంచి వెళ్లేవాళ్లు కాస్త వీలు చేసుకుని చూడొచ్చు.

కూలి రోజుకా, కిలోకా?

మధ్యలో ఓ కాఫీ తోట దగ్గర ఆగాం. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఒకే నేల మీద రెండు పంటలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మీరు చదివే ఉంటారు. ఆ కాఫీ పండించేది ఈ కొండల గిరిజన రైతులే.

పండ్లు కోస్తున్న ఆవిణ్ణి మా అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న: "కూలి రోజుకా, కిలోకా అమ్మా?" మా దగ్గర పత్తికి కిలో లెక్క మరి. తోట తమదేనని ఆవిడ నవ్వింది. ఎర్రబడ్డ పండే కోయాలనీ, పచ్చివి వదిలేసి మళ్లీ మళ్లీ రావాలనీ చెప్పింది. "అచ్చం మన పత్తే! మూడు నాలుగు తీతలన్నమాట" అన్నారు అత్తయ్య. ఇద్దరూ చేతులు చూసుకున్నారు, పగుళ్ల గురించి మాట్లాడుకున్నారు. మనకు సెలవు రోజు, ఆవిడకు పని రోజు. ఆ మాట అత్తయ్యే అన్నారు.

దూదేకినట్టు వంజంగి

చింతపల్లి, జి.మాడుగుల మీదుగా పాడేరు వెళ్లి ఆ రాత్రి అక్కడే ఉన్నాం. సోమవారం చీకటితోనే వంజంగి కొండ ఎక్కాం. లంబసింగిలో మనం మంచు లోపల ఉంటాం, వంజంగిలో మంచు మన కాళ్ల కింద ఉంటుంది. చల్లగాలి లోయల్లోకి దిగి మంచు కింద నిలబడిపోతే, పైన ఆకాశం తేటగా ఉంటుందన్నమాట. ఎర్రగా సూర్యుడు పొడుస్తుంటే "దూదేకి ఆరబోసినట్టుందే" అని అత్తయ్య అక్కడే కూలబడ్డారు.

అయితే ఆ తెల్లదనం పక్కనే బిస్కెట్ కవర్లు, నీళ్ల సీసాలు, పేపర్ కప్పులు! వారాంతం జనమంతా వదిలి వెళ్లినవి. ఆ కొండ కింద ఊళ్లున్నాయి, వాళ్లు తాగే ఊటలున్నాయి. మన చేలో ఎవరైనా ఇలా పోసి వెళ్తే ఊరుకుంటామా?

మీరూ వెళ్తుంటే..

* శని, ఆదివారాల కన్నా మామూలు రోజులు మేలు. ఘాట్‌లో వాహనాల బారులు తగ్గుతాయి, గదులూ సులువుగా దొరుకుతాయి.

* ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదు. టెంటు, గది తీసుకునేముందు అది ఎవరిదో అడగండి. స్థానికులవైతే మీ డబ్బు కొండ మీదే ఉంటుంది.

* కాఫీ, మిరియాలు, రాజ్మా కొనుక్కోండి. 1956లో ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థ (జీసీసీ) దుకాణాల్లోనూ దొరుకుతాయి.

* స్వెట్టరు, మంకీ టోపీ, టార్చి, కొంత నగదు దగ్గరుంచుకోండి. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. మలుపులకు తల తిరిగేవాళ్లు ఖాళీ కడుపుతో ఘాట్ ఎక్కొద్దు.

* ఓ సంచీ తీసుకెళ్లండి. తెచ్చుకున్న చెత్త ఆ సంచీలోనే కిందికి రావాలి.

ఇంకొక్క మాట. మీ ఇంట్లో కూడా 'ఊరికే' ఎక్కడికీ వెళ్లని మనిషి ఒకరు ఉండే ఉంటారు. రమ్మంటే ముందు వద్దనే అంటారు. పనులున్నాయంటారు, డబ్బు దండగంటారు. ఇంకోసారి అడగండి. కాపు సందు చూసి, గేదెలకు మనిషిని పెట్టి మరీ అడగండి.