కృష్ణమ్మ చివరి దీవులు

విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన భవానీ ద్వీపం చూసినవాళ్లు కృష్ణమ్మ దీవులంటే అదే అనుకుంటారు. అసలు దీవులు నది చివర ఉన్నాయి.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ పాయల నడుమ నేలే దివిసీమ. నాగాయలంక దాటితే ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ: అన్నీ నది తెచ్చిన ఒండ్రు పోగులే.

పడవ సన్నటి పాయలోకి మళ్లగానే రెండు పక్కలా మడ అడవి. ఉప్పుబురదలో గాలి ఆడదు కాబట్టి తెల్లమడ తన వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. నీళ్లు తీసినప్పుడు చూడాలి, బురదంతా పెన్సిళ్లు గుచ్చినట్టే ఉంటుంది! పీల్చిన ఉప్పును ఆకులు బయటికి చెమరుస్తాయి. రొయ్యపిల్లలు, పీతలు ఆ వేళ్ల మధ్యే పెరుగుతాయి. చేపల కోసం బావురుపిల్లి రాత్రిపూట నీళ్లలోకి దిగుతుంది. ఈ అడవిలో చాలా భాగం కృష్ణా అభయారణ్యం.

1977 నవంబరు 19న ఉప్పెన ఈ సీమలో వేలమందిని బలిగొంది. అలల జోరును తగ్గించే మడచెట్టు విలువ ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి, ఆపైన సాగర సంగమం. చలికాలం చివర్లో ఆ ఇసుకలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టి, తెల్లవారకముందే సముద్రంలోకి వెళ్లిపోతాయి.