నోటిలోని పైరు, కలుపు

1683వ సంవత్సరమున డెల్ఫ్టు నగరవాసి లీవెన్‌హుక్ తన పంటిపాచిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు చలించు జీవులను గాంచి విస్మితుడై, లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను.

మానవుల నోళ్ళయందు నేటికి 700 జాతులకు మించిన బాక్టీరియాలు గుర్తింపబడినవి. ఇవన్నియు శత్రువులు కావు. స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ వంటివి చక్కెరను ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పింగాణిపొరను కరగించుటచే పన్ను పుచ్చును. మరికొన్ని క్షారమును పుట్టించి ఆ ఆమ్లమును విరిచివేయును.

కలుపుతోపాటు పైరును గూడ పెరికివేయువాడు మంచి రైతు కాడు. కావున మేలుచేయు జీవులను పెంపొందించి, కీడుచేయువానిని అణచు చికిత్సలను శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. అవి యింకను పూర్తిగా సిద్ధింపలేదు.

అంతవరకు ఈ సేద్యము మన చేతులలోనే కలదు. విద్యార్థులారా! మాటిమాటికి మిఠాయి తినుట కలుపునకు ఎరువు వేయుటయే. ఉదయమును రాత్రియు పళ్ళు తోముకొనుట కలుపు తీయుట.