ఆరు దినముల అశ్వము

1913వ సంవత్సరమున ఇంగ్లండు ఉత్తరభాగమందలి కార్లైల్ పట్టణమున జరిగిన మోటారు సైకిళ్ళ పరీక్ష కేవలము వేగమునకు సంబంధించినది కాదు. ఆరు దినములపాటు కొండలెక్కి, వాగులు దాటి, బురదలో దిగబడి లేచిన పిమ్మటకూడ యంత్రము యంత్రముగా మిగులునా లేదా యన్నది తేల్చుటయే దాని పరమార్థము. ఈ అంతర్జాతీయ పరీక్ష పెరిగి పెద్దదైనకొలది దాని నియమములును కఠినములయ్యెను. నడుపువాడే తన యంత్రమునకు మెకానిక్కు కావలెను. ముఖ్యభాగములపై రంగుతో గుర్తులు వేయుదురు గనుక వానిని రహస్యముగా మార్చుటకు వీలులేదు. సాయంకాలము వాహనమును కాపలాగల ఆవరణమున విడిచిన తరువాత తెల్లవారువఱకు దానిని తాకుట దాని స్వామికైనను నిషిద్ధము. ఎండ్యూరో అని నేడు మనము పిలుచు మోటారు సైకిలు జాతి ఈ నియమముల కఠినశిక్షణలోనే రూపొందినది. 1981లో పోటీ పేరునుండి ‘ట్రయల్’ అను మాట తొలగి ‘ఎండ్యూరో’ అను మాట చేరినది గాని, పరీక్ష స్వభావము మాత్రము మారలేదు.

ఆ రూపకల్పన ఎట్లు జరిగినదో 1964నాటి పోటీ చక్కగా చూపుచున్నది. తూర్పు జర్మనీలోని ఎర్ఫర్ట్ నగరమున జరిగిన ఆ పోటీకి అమెరికా జట్టులో ప్రఖ్యాత చలనచిత్ర నటుడు స్టీవ్ మెక్వీన్ ట్రయంఫ్ వాహనముపై వచ్చి, మధ్యలో ప్రమాదమునకు లోనై విరమింపవలసివచ్చెను. ట్రోఫీని మాత్రము తేలికయైన టూ స్ట్రోకు ఎం.జెడ్. వాహనములపై వచ్చిన తూర్పు జర్మనులు గెలుచుకొనిరి. టూ స్ట్రోకు ఇంజనునందు వాల్వులు లేవు, వానిని నడుపు క్యాముషాఫ్టు లేదు. పిస్టను తన రాకపోకలతో సిలిండరు గోడలోని ద్వారములను తానే మూయుచు తెఱచుచుండును. చెడిపోవుటకు భాగములు తక్కువ, మోయవలసిన బరువు తక్కువ, బాటప్రక్కన కూర్చుండి విప్పి బిగించుకొనుటయు తేలిక. వేగపు పందెములలో అది ఏమైనను, ఆరు దినముల పరీక్షకు ఇంతకంటె తగిన గుణములేవి?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రవాసియైన జాన్ పెంటన్ ఈ సత్యమును అనుభవమున గ్రహించినవాడు. తనకు కావలసిన తేలికవాహనమును చేయువారికై వెదకుచు ఆయన ఆస్ట్రియాలోని మట్టిగ్‌హోఫెన్ అను చిన్న పట్టణమును చేరెను. హాన్స్ ట్రుంకెన్‌పోల్జ్ 1934లో నెలకొల్పిన కార్ఖానా అచ్చట కలదు. పిమ్మట 1950వ దశకమున ఎర్నస్ట్ క్రోన్‌రైఫ్ వచ్చి చేరుటతో, ఇరువురి పేర్లును ఊరి పేరును కలిసి కె.టి.ఎం. అయ్యెను. పెంటన్ తన సొంత సొమ్ము పెట్టి చేయించిన వాహనములు 1968లో అమెరికాకు చేరి ఆయన పేరుతోనే అమ్ముడుపోయెను. వానిలో 125 సి.సి. వాహనమునకు పెట్టిన పేరు ‘సిక్స్ డే’. ఈ విషయమును నేను ప్రత్యేకించి చెప్పుటకు కారణము కలదు: ఆ పేరు ఆనాడు ఒక అలంకారశ్రేణికి చెందినది కాదు, అందఱకును అమ్మిన సాధారణ వాహనమునకు చెందినది.

నేడదే కంపెనీ తన ఎండ్యూరో వాహనములలో ‘సిక్స్ డేస్’ అను ప్రత్యేకశ్రేణిని అమ్ముచున్నది. పోటీకి ఆతిథ్యమిచ్చు దేశము ఏటేట మారునట్లే దీని వర్ణములును మారుచుండును. 2018లో చిలీ ఆతిథ్యమిచ్చినపుడు చిలీ చిహ్నములు దీనిపై వెలసినవి. సాధారణ శ్రేణిని కొనవలెనా, కొంత అధికధనము చెల్లించి దీనిని కొనవలెనా యని సంశయించువాడు ముందుగా ఆ వర్ణములను మనస్సులోనే కడిగివేసి, క్రింద మిగిలినదేమో చూడవలెను. మిగులునది నిజమునకు కొంత కలదు. ఇంజను అడుగున రాతిదెబ్బ కాచు పళ్ళెము, ఫోర్కులను పట్టియుంచు యంత్రముతో చెక్కిన అల్యూమినియపు బిగింపులు, రంధ్రములు లేని వెనుక బ్రేకు డిస్కు, రేడియేటరుకు విద్యుత్ ఫ్యాను వంటివి ఆ శ్రేణిలో సాధారణముగా చేర్చబడునవి. వీనిలో ఫ్యానును నేను విశేషముగా గౌరవింతును. నిటారుగానున్న రాతిబాటపై నడకవేగమున ఎక్కునపుడు ఎదురుగాలి యుండదు, ఇంజను మాత్రము పూర్తిశక్తితో శ్రమించుచుండును. అట్టి సమయమున నీరు మరగి పొంగక కాపాడునది అదియే. రంధ్రములు లేని డిస్కు బురదనేలలో బ్రేకు ప్యాడులు త్వరగా అరిగిపోకుండ చేయును. అయినను ఈ వస్తువులన్నియు సాధారణ వాహనమునకు తరువాత బిగించుకొనదగినవే. ఏడాదికి నాలుగుమాఱులు అడవిబాట పట్టువాడు సాధారణ శ్రేణినే కొని, అవసరమైనవాటినే ఒక్కొక్కటిగా చేర్చుకొనుట నా దృష్టికి ఉత్తమము.

ఫ్లారెన్సు ప్రాంతమందలి బీటా కంపెనీ విషయము వేఱు. వారి సాధారణ ఆర్.ఆర్. శ్రేణికిని, పందెపు శ్రేణికిని గల భేదము ఫోర్కు గర్భమున దాగియున్నది. ఫోర్కులోని స్ప్రింగు దెబ్బను ఓర్చుకొనును. ఆ స్ప్రింగు మరల ఎగిరిపడకుండ, సన్నని మార్గములగుండ నూనెను నెట్టుచు శక్తిని వేడిగా మార్చునది కార్ట్రిడ్జి. సాధారణ శ్రేణిలో ఈ కార్ట్రిడ్జి పైభాగము తెఱచియుండుటచే, వరుసగా దెబ్బలు తగులునపుడు నూనెలో గాలి కలిసి నురుగు కట్టును. నురుగునకు నూనె కున్న పట్టు లేదు. పందెపు శ్రేణిలో నూనె మూతపడిన గొట్టములో, స్ప్రింగు నెట్టు పిస్టను క్రింద బంధింపబడి యుండుటచే, గంటసేపు కొట్టుకొన్నను దాని స్వభావము మారదు. తరువాత కొనదలచినచో ఈ ఫోర్కు వెల మిక్కిలి భారము. కావున వేగముగా రాళ్ళపై పరుగెత్తువానికి ఇచ్చట అధికధనము వ్యర్థము కాదు. ఐతే టూ స్ట్రోకు నమూనాలలో, సాధారణ శ్రేణికి గల స్వయంచాలక నూనె పంపును పందెపు శ్రేణినుండి తొలగించిరి. పెట్రోలులో నూనెను చేతితో కలుపుకొనవలెను. నింపాదిగా విహరించువానికి చవుకైన వాహనమే ఈ విషయమున ఎక్కువ సుఖము నిచ్చును.

మన దేశమునందును ఇట్టి ఎంపిక 2022లో హీరో ఎక్స్‌పల్స్ 200 4వి ర్యాలీ శ్రేణితో వచ్చినది. సాధారణ వాహనపు ముందు ఫోర్కు కదలిక 190 మిల్లీమీటర్లు, ర్యాలీ శ్రేణిది 250; నేలకును ఇంజనుకును నడిమి యెడము 220 నుండి 270కి పెరిగినది. ఇవి పైపూతలు కావు. కాని సీటు ఎత్తుకూడ 825 నుండి 885 మిల్లీమీటర్లకు పెరిగినది. మిఱ్ఱుబాటపై వాహనము ఆగినపుడు పాదము నేల నందుకొనలేని పొట్టివానికి, ఆ అదనపు ఆరు సెంటీమీటర్ల కదలికయే పతనహేతువగును.

ఏ శ్రేణి కొన్నను మొదటి దినముననే చేయవలసిన పని యొకటి కలదు. వెనుక చక్రపు ఇరుసునుండి వెనుక మడ్‌గార్డు వఱకు గల దూరమును వాహనమును పైకెత్తి ఒకసారి, పందెపు బూట్లతోను నీటిసంచితోను దానిపై కూర్చుండి మఱొకసారి, స్నేహితునిచేత కొలిపింపవలెను. మూడువందల మిల్లీమీటర్ల కదలికగల ఎండ్యూరోకు ఈ రెండు కొలతల భేదము ఇంచుమించు నూఱు మిల్లీమీటర్లు ఉండవలెను. కంపెనీవారు స్ప్రింగును సాధారణముగా డెబ్బదియైదు, ఎనుబదియైదు కిలోల మధ్యనున్న మనుష్యునకై ఎంచుదురు. అరువది కిలోలవాడును నూఱు కిలోలవాడును అదే స్ప్రింగుపై కూర్చున్నచో, ఎంత ఖరీదైన ఫోర్కును తన పని తాను చేయలేదు. అట్టివారు మొట్టమొదట మార్చుకొనవలసినది ఆ స్ప్రింగు.